పైనమ్మ గీసిన గీత

రిటైరైన మూడో వారానికల్లా పైనమ్మకు ఇంట్లో చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. అల్మరాలన్నీ సర్దేసింది. కారుతున్న కుళాయి బాగుచేసింది. కిర్రుమనే తలుపులన్నిటికీ నూనె వేసింది. నూనె మిగిలితే కిర్రుమనని తలుపులకు కూడా వేసింది. ఇక నాలుగో వారం ఏం చెయ్యాలో తోచక, బాల్కనీలో కూర్చుని ఎదురింటి వాళ్ళు కారును ఇరుకు సందులో ఎంత అధ్వానంగా పెడుతున్నారో చూస్తూ నిట్టూర్చేది.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఒక్క ఏళ్ళు రేవులో క్రేన్ నడిపింది. నలభై మీటర్ల ఎత్తున చిన్న అద్దాల గదిలో కూర్చుని, పాదాల కింది అద్దంలోంచి కిందికి చూస్తూ, ఓడల్లోని కంటైనర్లను ఎత్తి లారీల మీద దించేది. కింద ఎవరికి ఏ చిక్కొచ్చినా "పైనమ్మను అడగండి" అనేవారు. అదే పేరై కూర్చుంది. గుడ్డు పగలకుండా ఇరవై టన్నులు దించగలదని రేవంతా చెప్పుకునేవారు. ఒకసారి పందెం వేసి నిజంగానే గుడ్డు పెట్టారు. గుడ్డు పగల్లేదు. పందెం ఓడినవాడు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి అట్టు వేసుకున్నాడట.

ఇంట్లో ఆమె కాక కొడుకూ కోడలూ ఉండేవారు. కొడుకు బళ్ళో లెక్కల మాస్టారు. కోడలు సంగీతం చేసేది. పాడటం కాదు, వాయించడం కూడా పెద్దగా కాదు. వెనక గది గోడలకు మందపాటి గుడ్డ పలకలు బిగించుకుని, కంప్యూటరూ రెండు స్పీకర్లూ పెట్టుకుని, నృత్య ప్రదర్శనలకూ చిన్న సినిమాలకూ సంగీతం కూర్చి ఇచ్చేది. అత్తాకోడళ్ళ మధ్య ఏనాడూ గొడవ రాలేదు. నిజానికి మాటలు కూడా పెద్దగా రాలేదు. ఒకరు షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి ఇంకొకరు తలుపు వేసుకుని పనిలో ఉండేవారు. ఎనిమిదేళ్ళుగా ఒకే చూరు కింద ఉంటూ, కలిసిన ప్రతిసారీ "తిన్నారా అత్తయ్యా?" "తిన్నానమ్మాయ్, నువ్వు తిన్నావా?" అని పలకరించుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

ఆ సోమవారం పొద్దున వెనక గది తలుపు కొంచెం తెరిచి ఉంది. కోడలు ఫోన్లో మాట్లాడుతోంది.

"మాస్టారూ, మీరు చెప్పినట్టే నాలుగుసార్లు మార్చాను కదండీ... లేదండీ, అర్థమైంది... శుక్రవారం రిహార్సల్‌కి తప్పకుండా తెస్తాను."

ఫోన్ పెట్టేసి తల బల్ల మీద వాల్చేసింది. పైనమ్మ వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. ఎనిమిదేళ్ళలో ఆ గదిలోకి ఆమె వెళ్ళింది మూడుసార్లో నాలుగుసార్లో. కానీ వాలిన ఆ తల చూశాక కాళ్ళు కదల్లేదు. కాఫీ కలిపి తీసుకెళ్ళింది.

"ఎవరమ్మాయ్, ఏమంటున్నారు?"

"డాన్సు మాస్టారు అత్తయ్యా. ఎనిమిది మంది పిల్లలతో గాలి మీద ఒక నృత్యం చేస్తున్నారు. పదకొండు నిమిషాలు. సంగీతం అంతా బాగుందంటున్నారు, ఒక్క గాలి తప్ప. ఈ గాలికి ఊపిరి లేదు అంటున్నారు. ఊపిరి లేని గాలేంటో నాకు తెలిస్తే కదా!"

పైనమ్మ కప్పు బల్ల మీద పెడుతూ తెర వైపు చూసింది. రంగురంగుల పట్టీలు ఒకదాని కింద ఒకటి పరిచి ఉన్నాయి. అన్నిటికన్నా కింది పట్టీ మీద ఒక సన్నటి గీత కింది నుంచి తిన్నగా ఏటవాలుగా లేచి, పైన ఆగి, మళ్ళీ తిన్నగా దిగింది.

"ఈ గీతేంటి?"

"అదేనండీ గాలి. అంటే గాలి శబ్దం ఎప్పుడు విచ్చుకోవాలో, ఎప్పుడు ముడుచుకోవాలో కంప్యూటర్‌కి ముందే గీసి పెట్టడం. ఆటోమేషన్ అంటారు. గీత కింద ఉంటే శబ్దం మూసిన తలుపు వెనక నుంచి వచ్చినట్టుంటుంది. పైకి వచ్చేకొద్దీ తలుపు తెరుచుకుంటుంది."

కోడలు వినిపించింది. గాలి మొదలైంది, పెరిగింది, తగ్గింది. పైనమ్మ మొహం చిట్లించింది.

"ఇలా ఎత్తితే లోడు ఊగుతుందమ్మాయ్."

"ఏంటత్తయ్యా?"

"ఇది ఎత్తడమే కదా? ఎత్తేటప్పుడు మొదటి జానెడు చాలా నెమ్మదిగా ఎత్తాలి. తాడు బిగుసుకోవాలి, బరువెంతో చేతికి తెలియాలి. ఆ తర్వాత ఎంత వేగంగానైనా పో. ఆగేముందు మళ్ళీ నెమ్మది. నువ్వు అడుగున మొదలుపెట్టిన వేగంతోనే పైదాకా లాగేశావు. కింద నిలబడ్డవాడు హడలి చస్తాడు."

కోడలు కాఫీ కప్పు నోటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేసింది. అత్తగారి మొహంలోకి చూసింది, గీత వైపు చూసింది. తర్వాత లేచి అల్మరా పై అరలోంచి ఒక నల్లటి పెట్టె దించింది. దాని మీద ఎనిమిది ఫేడర్లు వరసగా ఉన్నాయి. గాడిలో పైకీ కిందికీ జరిగే చిన్న మీటలవి.

"ఇది కొని రెండేళ్ళయింది. నా చెయ్యి నిలకడగా ఉండదని మౌస్‌తోనే గీసుకుంటున్నాను. మీరొకసారి పట్టుకుంటారా?"

పైనమ్మ చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, మొదటి ఫేడర్ మీద రెండు వేళ్ళు ఆనించింది. కోడలు పాట నడిపించింది. నడిపించగానే ఆ మీట దానంతటదే వేళ్ళ కింద నుంచి పైకి పాకింది. పైనమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది.

"అమ్మో! లోపల ఎవరున్నారమ్మాయ్?"

"ఎవరూ లేరత్తయ్యా, చిన్న మోటారు. నేను గీసిన గీతను చదివి అలా నడుస్తోంది. ఉండండి, ఈసారి మీ చెయ్యి చెప్పినట్టు వినమంటాను. పాట నడుస్తుండగా మీరు ఎలా జరిపితే అలా గీత పడుతుంది."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మీట బుద్ధిగా ఉంది. పైనమ్మ దాన్ని వెంట్రుకవాసి కదిపి ఆగింది. ఇంకొంచెం కదిపింది. స్పీకర్లలో ఏదో దూరాన మేలుకున్నట్టయింది. అప్పుడామె చెయ్యి మెల్లగా లేచింది. గాలి గదినిండా విచ్చుకుంది. కోడలి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పైన పెట్టి, పని అయిపోయిందన్నట్టు పైనమ్మ వేళ్ళు తీసేసింది. వెంటనే మీట టక్కున పాత చోటికి దిగిపోయింది. గాలి ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"ఒసే!" అని పైనమ్మ మీట మీద ఒక్కటేసింది. "పెట్టినచోట ఉండాలన్న జ్ఞానం లేదూ? ముప్పై ఏళ్ళలో ఒక్క లోడు ఇలా జారిపోలేదు నా చేతిలోంచి!"

కోడలు పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కుర్చీలో వెనక్కి వాలిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

"దాని తప్పు కాదత్తయ్యా, నాదే. టచ్‌లో పెట్టాను. టచ్ అంటే ముట్టుకున్నంతసేపే మీ మాట వింటుంది, వదిలితే పాత గీతకు పోతుంది. మీకు కావలసింది లాచ్. వదిలేసిన చోటే నిలబడి ఉంటుంది."

"మరి అది ముందే పెట్టొచ్చు కదే!" అంది పైనమ్మ. "కదే" అన్నది ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. ఆ సంగతి కోడలు గమనించింది.

ఒక్క ఎత్తు బాగా కుదిరింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. పదకొండు నిమిషాల్లో గాలి ఇరవై మూడుసార్లు లేచి దిగాలి. డప్పు ఎక్కడ మొదలవుతుందో, తీగలు ఎక్కడ ఆగుతాయో పైనమ్మకు అందలేదు. ఒకసారి ముందే ఎత్తేసింది, ఇంకోసారి ఎత్తడమే మర్చిపోయింది. మధ్యాహ్నానికి మీట వదిలేసి కూర్చుంది.

"నాకు పాటలు తెలీవమ్మాయ్. నా పనంతా కళ్ళతోటే. కింద నుంచి సిగ్నల్ ఇచ్చేవాడు చెయ్యి ఊపితే గానీ నా చెయ్యి కదలదు. పిచ్చిదాన్ని, నీ టైమంతా పాడుచేశాను."

కోడలు కుర్చీ పక్కకు నెట్టి, స్పీకర్ల మధ్యన ఆమెకు ఎదురుగా నిలబడింది.

"అయితే నేను కింద నిలబడతాను. ఎలా ఊపాలో చెప్పండి."

ఆ మధ్యాహ్నమంతా రేవు పాఠాలు నడిచాయి. చూపుడు వేలు పైకి చూపిస్తూ చెయ్యి గుండ్రంగా తిప్పితే ఎత్తు. వేలు కిందికి చూపిస్తూ తిప్పితే దించు. రెండు చేతులూ పక్కలకు చాచితే ఉన్నచోటే ఆగు. తిరిగే చేతి ముందు రెండో అరచెయ్యి అడ్డంగా పెడితే నెమ్మదిగా. కోడలికి చేతులు తిన్నగా నిలవలేదు. "అలా మెలికలు తిప్పకు, అందంగా చెయ్యక్కర్లేదు, స్పష్టంగా చెయ్యి," అని అత్తగారు గదిమింది. "నలభై మీటర్ల పైన కూర్చున్నదానికి నీ వేలు అగ్గిపుల్లంత కనిపిస్తుంది. అయోమయంగా ఊపావా, ఎవరో ఒకరి కాలు పోతుంది."

సాయంత్రం బడి నుంచి వచ్చిన కొడుకు గుమ్మంలో నిలబడిపోయాడు. భార్య గది మధ్యలో నిలబడి వేలు పైకెత్తి తిప్పుతోంది. తల్లి ఆమె వేలినే రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఇద్దరి మొహాల్లోనూ ప్రాణాపాయమంత గాంభీర్యం.

"ఏమైంది మీ ఇద్దరికీ?"

"మాట్లాడకు, లోడు గాల్లో ఉంది," అంది తల్లి తల తిప్పకుండా.

అతను సంచీ అక్కడే పెట్టి, వంటింట్లోకి వెళ్ళి ఎవరూ ఏమీ వండలేదని తెలుసుకుని, నోరు మూసుకుని బియ్యం కడిగాడు.

మంగళవారం, బుధవారం అలాగే గడిచాయి. కోడలు కళ్ళు మూసుకుని పాట విని, గాలి ఎక్కడ లేవాలో దానికి ఒక ఊపిరి ముందే వేలెత్తడం నేర్చుకుంది. ఎందుకంటే, చెయ్యి చూసి, అర్థం చేసుకుని, మీట కదిపేసరికి అంత సమయం పడుతుంది. ఇది తెలిశాక తన గీతల్లో ఇన్నాళ్ళూ ఏం లోపించిందో ఆమెకు అర్థమైంది. మౌస్‌తో గీసిన గీతకు ఎవరికోసమూ ఎదురుచూడాల్సిన అవసరం లేదు.

పని మధ్యలో కబుర్లు కూడా మొదలయ్యాయి. క్యాబిన్‌లో మొదటి రోజు కిందికి చూసి వాంతి చేసుకున్న సంగతి పైనమ్మ చెప్పింది. మొదటి పాట అమ్మినప్పుడు భయపడి రెండు రోజులు ఫోన్ ఆపేసి పెట్టిన సంగతి కోడలు చెప్పింది.

"అయ్యో, అప్పుడు నువ్వు జ్వరమన్నావు కదా. నేను చారు కాచి తలుపు దగ్గర పెట్టి వెళ్ళాను."

"రెండు గిన్నెలూ తాగేశానత్తయ్యా. బాగుందని చెప్పడానికి సిగ్గేసింది."

గురువారం వాన కురిసింది. ఆ రోజు పదకొండు నిమిషాలూ ఒకే ఊపులో రికార్డు చెయ్యాలని నిర్ణయించుకున్నారు. ముక్కలు ముక్కలుగా చేస్తే ఊపిరి తెగుతుందని ఇద్దరికీ తెలిసిపోయింది. పైనమ్మ డ్యూటీకి వెళ్ళేటప్పటిలాగా జుట్టు బిగించి ముడి వేసుకుంది. కోడలు ఎదురుగా నిలబడి వేలెత్తింది.

మొదటి నిమిషం వెన్నలా జరిగింది. మూడో నిమిషం వచ్చేసరికి పైనమ్మకు తను ఏ గదిలో ఉందో గుర్తులేదు. ఎదుట ఒక చెయ్యి, వేళ్ళ కింద ఒక బరువు, అంతే. అయిదో నిమిషంలో గాలి రెండుసార్లు లేచి నేలను తాకీ తాకనట్టు దిగింది. ఆరు దాటింది. ఏడో నిమిషంలో కోడలు రెండు చేతులూ చాచి ఆపింది. గాలి సగం ఎత్తులో కదలకుండా నిలిచింది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. బడికి తొందరగా సెలవిచ్చారని సంబరంగా వచ్చిన కొడుకు చేతిలో తడి గొడుగు ఫట్‌మని దానంతటదే విచ్చుకుంది.

పైనమ్మ చెయ్యి జర్రున పైకి పోయింది. గాలి ఒక్క విసురుతో గదిని ఈడ్చి కొట్టింది. కోడలు "అయ్యో" అనబోయి నోరు నొక్కుకుంది. కానీ పైనమ్మ మీట వదల్లేదు, గబుక్కున కిందికీ లాగలేదు. ఊగిపోయే లోడును వెనక్కి లాగితే ఇంకా ఊగుతుంది. దాని వెంటే పోయి అందుకోవాలి. ఆమె చెయ్యి ఆ విసురు వెంటే పోయింది, దిగింది, మళ్ళీ కొంచెం లేచింది, ఇంకా కొంచెం దిగింది, మూడో ఊపుకు నిశ్చలంగా ఆగింది. కోడలు తేరుకుని మళ్ళీ వేలెత్తింది. చివరి నాలుగు నిమిషాలూ ఆగకుండా ముగించారు. కొడుకు గొడుగు పట్టుకుని ఒంటికాలి మీద అలాగే నిలబడి ఉన్నాడు.

పాట ఆగాక ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. కొడుకు క్షమించమన్నాడు. కోడలు అద్భుతమంది. పైనమ్మ మాత్రం, "ఆ ఏడో నిమిషం తుడిచెయ్. తప్పు తప్పే. మా దగ్గరైతే రిపోర్టు రాయాలి," అంది.

"ఒక్క క్షణం పనత్తయ్యా, మౌస్‌తో సరిచేస్తాను." కోడలు ఆ చోటు ఒకసారి వింది. ఇంకొకసారి వింది. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "రేపు వాళ్ళకు ఇలాగే వినిపిద్దాం. వద్దంటే అప్పుడు తీసేస్తాను."

"మన పరువు పోతుందే!"

"పోతే నాది కదా పోయేది."

"ఎందుకు పోవాలి నీది? చెయ్యి నాదైతే!"

ఆ వాదన అన్నాలు తినేదాకా సాగింది. చివరికి కోడలి మాటే నెగ్గింది. అందుకు పైనమ్మ ఒక షరతు పెట్టింది, రిహార్సల్‌కు తను కూడా రావాలి, తప్పు తనదని తనే ఒప్పుకోవాలి.

శుక్రవారం పెద్ద హాల్లో చెక్క నేల మీద ఎనిమిది మంది అమ్మాయిలు వట్టి పాదాలతో నిలబడ్డారు. డాన్సు మాస్టారు పొడుగ్గా, గడకర్రలా ఉన్నాడు. ఎవరినీ కూర్చోమనలేదు. పాట మొదలైంది.

పైనమ్మ గోడకు ఆనుకుని నిలబడి చూసింది. గాలి మొదటిసారి వెంట్రుకవాసి కదలగానే ఒక అమ్మాయి మెడ కదిలింది. గాలి లేస్తుంటే ఎనిమిది మందీ వెన్నులు నిటారు చేస్తూ లేచారు. రేవులో ఆమె చేతికింద కదిలినవన్నీ ఇనుప పెట్టెలు. కింద మనుషులు టోపీలుగానే కనిపించేవారు. ఇప్పుడు మొహాలు కనిపిస్తున్నాయి. తన చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ వాళ్ళ ఊపిరి ఆగుతోంది. ఎక్కడ దిగిందో అక్కడ వాళ్ళ భుజాలు దిగుతున్నాయి. పైనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడో నిమిషం వస్తుంటే కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. విసురు వచ్చింది. ఆ చివర ఉన్న అందరికన్నా చిన్నమ్మాయి అదిరిపడి నిజంగానే ముందుకు తూలింది. పక్కనున్న ఇద్దరూ ఆలోచించకుండా చేతులు చాచి అందుకున్నారు. ముగ్గురూ కలిసి ఒక ఊపు ఊగారు, ఇంకొకటి, ఇంకొంచెం చిన్నది మరొకటి, ఆగారు.

మాస్టారు చెయ్యెత్తి పాట ఆపించాడు.

"ఇదెవరు చేశారు?"

పైనమ్మ ముందుకు వచ్చింది. "నేనేనండీ. తప్పు జరిగింది. మావాడి గొడుగు విచ్చుకుంది. తీసెయ్యమంటే అమ్మాయి ఇప్పుడే తీసేస్తుంది, తన పొరపాటేం లేదు."

"తీసేస్తే నేను ఊరుకోను," అన్నాడాయన. చిన్నమ్మాయి వైపు తిరిగి, "ఇప్పుడు పడ్డావే, అలాగే పడు. మీరిద్దరూ అలాగే పట్టుకోండి. మూడు నెలలుగా ఈ నృత్యానికి నడుమ ఏదో తక్కువైందని జుట్టు పీక్కుంటున్నాను. ఇదే!" అన్నాడు. తర్వాత మళ్ళీ పైనమ్మ వైపు తిరిగాడు. "మీరు ఏం వాయిస్తారమ్మా?"

"క్రేన్ అండీ," అంది పైనమ్మ.

మాస్టారికి అర్థం కాలేదు. అదేదో కొత్త వాయిద్యం అనుకుని గౌరవంగా తలూపాడు. కోడలు మొహం అటు తిప్పుకుని నవ్వు ఆపుకుంది. ఆ తర్వాత ఆయనే స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు.

ప్రదర్శన తర్వాతి ఆదివారం మధ్యాహ్నం జరిగింది. హాలు నిండింది. విసురు వచ్చి అమ్మాయి తూలినప్పుడు మూడో వరసలో ఎవరో "అమ్మా!" అని పైకే అరిచారు. ముగ్గురూ ఊగి నిలబడ్డాక జనం ఆట మధ్యలోనే చప్పట్లు కొట్టారు. గోడకు అంటించిన కాగితంలో సంగీతం కోడలి పేరున, దాని కింది వరసలో "గాలి" అని పైనమ్మ పేరున వేశారు. ఆమె అసలు పేరే వేశారు. పక్కింటావిడ అది చదివి "ఎవరీవిడ?" అని ఆమెనే అడిగింది.

సోమవారం సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చి, కొత్తగా నేర్చుకున్న అలవాటు ప్రకారం మెల్లగా తలుపు తోసి, గొడుగు బయటే పెట్టి, తల లోపలికి పెట్టాడు. వెనక గదిలో కొత్త పని నడుస్తోంది. ఎవరో సినిమావాళ్ళు వాన కావాలని అడిగారట. తల్లి రెండు చేతులూ రెండు మీటల మీద వేసి కూర్చుంది. ఒకటి వాన దగ్గరికి రావడానికి, ఇంకొకటి రేకుల మీద పడటానికి.

"ఉరుముకు చెయ్యి చాలట్లేదురా," అంది తల్లి. "చేతులు కడుక్కుని రా."

"నేనా? నాకేం తెలుసమ్మా?"

"మూడో ఫేడర్ నీది," అంది భార్య, అతనికి ఎదురుగా నిలబడి చెయ్యి పైకెత్తుతూ. "నేను చూపించేదాకా కదపకు."

అతను చేతులు కడుక్కుని వచ్చి, తల్లి పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.